హైదరాబాద్ జూ: పొద్దున్నే వెళ్ళండి
నెహ్రూ జూ పార్క్ వెళ్ళేవాళ్ళు గేట్ తీయగానే లోపల ఉండేలా ప్లాన్ చేసుకోండి, పులులూ సింహాలూ చల్లగా ఉన్నప్పుడే తిరుగుతాయి, ఎండెక్కితే నీడలో పడుకుని ఇక లేవవు. మీర్ ఆలం చెరువు పక్కన 380 ఎకరాలు, పెద్దవాళ్ళుంటే బ్యాటరీ బండి ఎక్కేయండి.

నాకు బాగా నచ్చింది మాత్రం రాత్రిపూట తిరిగే జంతువుల హౌస్. అక్కడ పగలు లైట్లు తగ్గించి రాత్రి వేస్తారు, అందుకే మనం వెళ్ళే టైంకి దేవాంగపిల్లి (పిల్లి కాదు, పెద్ద కళ్ళుండే చిన్న కోతిలాంటి జంతువు), గుడ్లగూబ మేలుకునే ఉంటాయి. లోపలికెళ్ళగానే ఏం కనపడదు, కాసేపు కదలకుండా నిలబడండి, కళ్ళు అలవాటు పడ్డాక చూస్తే కొమ్మ పట్టుకుని మెల్లగా పాకే ఆ చిన్న ప్రాణి, అబ్బ ఎంత ముద్దుగా ఉందో!! ఫోన్ ఫ్లాష్ మాత్రం కొట్టకండి ప్లీజ్, వాటి కళ్ళు తట్టుకోలేవు.

సోమవారం సెలవు.