మన మిత్ర: బిల్లు కట్టడం సులువే, పాత తప్పు దిద్దించుకోవడమే కష్టం

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న 161 సేవలతో ప్రారంభించిన మన మిత్ర వాట్సాప్ సేవను కావలిలో ఉంటున్న నేను కొన్ని నెలలుగా వాడుతున్నాను. 95523 00009 నంబరుకు ‘హాయ్’ అని పంపితే సేవల పట్టిక వస్తుంది. సర్వీసు నంబరు ఇచ్చి కరెంటు బిల్లు కట్టడానికి నాకు అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. మోకాళ్ల నొప్పులతో వరుసలో నిలబడలేని మా అమ్మకు ఇది నిజంగా పెద్ద ఊరట.

అయితే ఇంటి పన్ను లెక్కల్లో మా నాన్నగారి ఇంటిపేరులో ‘వే’కు బదులు ‘వా’ అని పడిన తప్పును దిద్దించుకోవడానికి మాత్రం ఒక కార్యాలయం చుట్టూ నాలుగుసార్లు తిరగవలసి వచ్చింది. చివరికి ఒక గుమస్తాగారు అట్ట ఊడిపోయిన పాత రిజిస్టరు తీసి, వెలిసిపోయిన సిరా మీద వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివి, అసలు పేరేమిటో తేల్చారు. రేపు కృత్రిమ మేధ మన అర్జీలను చదివి పరిష్కరిస్తుందంటే నాకు సంతోషమే గాని, ఆ రిజిస్టర్లను ముందుగా మనుషులు సరిచూసి ఎక్కించకపోతే, యంత్రం కూడా ఆ ‘వా’నే నమ్మి అర్జీని తిప్పి పంపుతుంది.

బిల్లులకు దీన్ని నిస్సంకోచంగా వాడవచ్చు. పేర్లలో తేడాలున్నవారు మాత్రం పాత పన్ను రసీదులను జాగ్రత్తగా దాచుకోవాలి.