నేల పాతదే, లోకం కొత్తది: టియర్స్ ఆఫ్ ద కింగ్‌డమ్ సమీక్ష

నింటెండో సంస్థ జెల్డా కథామాలలోని బ్రెత్ ఆఫ్ ద వైల్డ్ అనే వీడియో గేమ్ ఒక గుహలో మొదలవుతుంది. నూరేళ్ళ నిద్ర నుంచి కథానాయకుడు లింక్ మేల్కొనేది అక్కడే. నీలి కాంతిలో మెరిసే శయ్య, గోడల వెంట పాకే వెలుగు గీతలు, షీకా జాతి వదిలివెళ్ళిన ప్రాచీన యంత్రవిద్య, అన్నిటితోనూ మనకు తొలి పరిచయం ఆ గదిలోనే జరుగుతుంది. దానికి సీక్వెల్‌గా వచ్చిన టియర్స్ ఆఫ్ ద కింగ్‌డమ్‌లో గ్రేట్ ప్లాటో అనే పీఠభూమి మీద అడుగుపెట్టగానే నేను ముందుగా వెతుక్కుంటూ వెళ్ళింది ఆ గుహ కోసమే. గుహ ఉంది. శయ్య లేదు, వెలుగు గీతలు లేవు, ఒకప్పుడు అక్కడ యంత్రాలు ఉండేవని చెప్పే చిన్న ఆనవాలైనా కనబడలేదు. ఎవరు తీశారో, ఎందుకు తీశారో తెలిపే మాట ఎక్కడైనా రాసి ఉంటుందేమోనని మూలమూలనా చూసి బయటికి వచ్చాను.

ఒక సీక్వెల్ తన కథాలోకాన్ని ఎంతవరకు మార్చవచ్చు అన్న ప్రశ్న నాకు ఈ గేమ్ ఆడినంతసేపూ వెంటే ఉంది. ఎంతైనా మార్చవచ్చు, కొండను పెకలించవచ్చు, కోటను ఆకాశంలో వేలాడదీయవచ్చు, వెయ్యేళ్ళ చరిత్రను కొత్తగా రాయవచ్చు, కానీ మార్పు జరిగిందన్న సంగతి ఆ లోకంలో బతికేవాళ్ళకు తెలిసి ఉండాలి అని నా అభిప్రాయం. చాలా ఏళ్ళకు ఊరికి తిరిగివచ్చినవాడు వీధి చివరి చెట్టు ఏమైందని అడిగితే, గాలివానకు పడిపోయిందనో, రోడ్డు కోసం కొట్టేశారనో ఎవరో ఒకరు చెబుతారు. అక్కడ చెట్టే లేదన్నట్టు అందరూ మాట్లాడితే అతనికి అది తన ఊరేనా అన్న అనుమానం వస్తుంది. ఈ గేమ్‌లో ఆ రెండు అనుభవాలూ పక్కపక్కనే ఉన్నాయి, అందుకే దీని గురించి కాస్త వివరంగా రాయాలనిపించింది.

మొదటి గేమ్ 2017 మార్చి 3న, రెండోది 2023 మే 12న విడుదలయ్యాయి. రెండింటికీ దర్శకుడు హిదెమారో ఫుజిబయాషి, నిర్మాత ఎయిజి అవోనుమా. కథ కొన్నేళ్ళ తరువాత జరుగుతుంది కానీ దేశం అదే హైరూల్, పటం కూడా దాదాపు అదే. ఆరేళ్ళు ఎదురుచూసి మళ్ళీ అదే నేల మీద తిరగాలా అన్న అసంతృప్తి విడుదలకు ముందు చాలామందిలో ఉండేది, నాలోనూ ఉంది. ఆడటం మొదలుపెట్టిన తరువాత, ఈ గేమ్ బలమంతా ఆ పాత నేలలోనే ఉందని అర్థమైంది. కొత్త దేశంలో ఏది మారినా మనకు తెలియదు. మారిందని తెలియాలంటే ముందు దాన్ని ఎరిగి ఉండాలి.

భూమికి పైనా కిందా జరిగిన మార్పులు అద్భుతంగా కుదిరాయి. ఆకాశంలో జోనై అనే ప్రాచీన జాతి ద్వీపాలు తేలుతుంటాయి, వాటి శకలాలు నేల మీద పడి ఊళ్ళ మధ్య కొత్త శిథిలాలై నిలుస్తాయి. కాకరికో గ్రామంలో అలా పడిన రాతి వలయాల చుట్టూ పరిశోధకులు గుమిగూడి ఉంటారు, గ్రామస్థులు వాటి గురించే మాట్లాడుకుంటారు. నేల కింద డెప్త్స్ అనే చీకటి లోకం ఉంది. అందులో దిగిన కొన్ని గంటల తరువాత పైపటాన్నీ కిందిపటాన్నీ మార్చి మార్చి చూస్తుంటే ఒళ్ళు జలదరించింది. పైన కొండ ఉన్నచోట కింద లోయ ఉంది, పైన నీళ్ళు ఉన్నచోట కింద దాటలేని గోడ ఉంది. పైనున్న ప్రతి మందిరానికీ సరిగ్గా కింద ఒక వెలుగువేరు ఉంటుంది, మందిరం పేరును తిరగేసి చదివితే అదే ఆ వేరు పేరు. ఇదంతా మనకు ఎవరూ చెప్పరు. పాత పటం మీద మనకున్న పరిచయాన్నే తాళంచెవిగా చేసి కొత్త లోకాన్ని తెరవడం ఇలాగే ఉంటుంది.

ఆట నియమాల మార్పును కూడా ఇదే శ్రద్ధతో కథలోకి తెచ్చారు. మొదటి గేమ్‌లో ఆయుధాలు నాలుగు దెబ్బలకే విరిగిపోతాయన్న ఫిర్యాదు గట్టిగా వినిపించేది. రెండో గేమ్ ఆ నియమాన్ని ఎత్తివేయలేదు. కోట కింద నుంచి ఎగసిన విషప్రభావం దేశంలోని ఆయుధాలన్నిటినీ తినేసిందని చెప్పి, కర్రకు రాయినీ కత్తికి రాక్షసుడి కొమ్మునూ అతికించే ఫ్యూజ్ శక్తిని చేతికిచ్చింది. తుప్పు పట్టిన కత్తి గురించి సైనికులు కూడా వాపోతారు. నియమం, కథ, జనం మాట మూడూ ఒకే తాటి మీద నడిచాయి. తల మీది రాతిలోంచి నేరుగా పైకి చేర్చే అసెండ్ శక్తి వచ్చిన తరువాత మాత్రం, వానలో జారుతూ కొండలెక్కిన పాత కష్టం చాలావరకు తీరిపోతుంది. ఆ కష్టాన్ని ఇష్టపడ్డవాళ్ళకు కొంచెం వెలితిగా ఉంటుంది, నాకూ ఉంది.

మార్పును మనుషుల ద్వారా చూపించిన చోట్ల ఈ గేమ్‌ను మించింది నాకు కనబడలేదు. లూరెలిన్ సముద్రతీరంలోని చిన్న జాలరి పల్లె. మొదటి గేమ్‌లో అక్కడ పెద్దగా పనేమీ ఉండదు, ఎండలో కాసేపు కూర్చుని రావడానికి వెళ్ళేవాళ్ళం. ఈసారి వెళ్తే ఊరు సముద్రపు దొంగల చేతిలో ఉంది, ఇళ్ళు కూలిపోయాయి, జనం చెదిరిపోయారు. దొంగలను తరిమేసిన తరువాత ఊరిని తిరిగి కట్టడానికి బోల్సన్ అనే మేస్త్రీ 20 దుంగలు, 15 వరి కంకులు అడుగుతాడు. చెట్లు నరికి, ఒడ్డు దాకా మోసుకొచ్చి, కంకుల కోసం పొలాలూ దుకాణాలూ తిరిగిన ఆ సాయంత్రం నాకింకా గుర్తుంది. ఊరు లేచింది. ఆ తరువాత అక్కడి సత్రంలో లింక్ దగ్గర డబ్బు తీసుకోరు, భోజనం కూడా ఊరికే పెడతారు. ఎప్పుడు వెళ్ళినా అంతే. పటంలో ఒక చిన్న చుక్కగా ఉన్న ఊరు, పోయి తిరిగివచ్చినందువల్ల, మన ఊరైంది.

టారీ టౌన్ సంగతి ఇంకో రకం. మొదటి గేమ్‌లో ఇళ్ళు కట్టే హడ్సన్ పక్కన నిలబడి, ఒక్కొక్క మనిషినీ వెతికి తెచ్చి, ఖాళీ నేల మీద ఆ ఊరిని కట్టించింది మనమే. చివర హడ్సన్‌కూ ఆడవాళ్ళే ఉండే గెరూడో జాతికి చెందిన రాండ్సన్‌కూ పెళ్ళి జరిగింది. ఇప్పుడు వాళ్ళకు మాటిసన్ అనే కూతురు ఉంది. గెరూడో ఆచారం ప్రకారం ఆ పిల్ల తల్లిదండ్రులను వదిలి దూరంగా గెరూడో నగరానికి వెళ్ళాలి. పంపడం ఇష్టం లేదు, ఆపడం తగదు. ఆ ఇంట్లో ఆ కొద్ది రోజులు ఎలా గడిచాయో చూడటం కోసమైనా మొదటి గేమ్‌ను ముందు ఆడి రావాలని అంటాను. గెరూడో నగరంలోకి మగవాళ్ళకు ప్రవేశం లేదన్న నియమం పాత గేమ్ నుంచీ ఉన్నదే. ఉన్న నియమాన్ని మనకు తెలిసిన ఇంటి గుమ్మం దాకా తెచ్చారు, అంతే.

హటేనో గ్రామంలోని ఇల్లు విషయంలో నాకు కొంత బాధ ఉంది. మొదటి గేమ్‌లో 3000 రూపీలు (ఆ లోకపు డబ్బు), 30 కట్టెల మోపులు పోసి ఆ ఇల్లు కొన్నాను. ఇప్పుడు ఊళ్ళో అందరూ దాన్ని రాకుమారి జెల్డా ఇల్లు అంటారు. ఊళ్ళో బడి పెట్టించింది కూడా ఆమే. మొదట మనసు చివుక్కుమన్నా, ఇంటి దగ్గరి బావిలోకి దిగి ఆమె రహస్యంగా ఏర్పాటు చేసుకున్న గదినీ అక్కడి డైరీనీ చూసినప్పుడు, గడిచిన ఆ కొన్నేళ్ళలో వాళ్ళ బతుకు ఎలా సాగిందో మనకు చెప్పకుండానే చూపించారని అనిపించింది. ఈ మార్పు నాకు నచ్చింది అనడం కంటే, దీనితో నేను రాజీపడ్డాను అనడం నిజం.

ఇంత శ్రద్ధ చూపినవాళ్ళే షీకా యంత్రాల దగ్గర ఎందుకు చేతులెత్తేశారో నాకు అర్థం కాలేదు. మొదటి గేమ్ కథ మొత్తం వాటి మీదే నిలబడింది. 120 మందిరాలు, ఆకాశాన్ని తాకే గోపురాలు, పొలాల్లో తిరుగుతూ ఎర్రటి చూపుతో గురిపెట్టే గార్డియన్లు, నాలుగు జాతుల వీరులు ప్రాణాలిచ్చిన నాలుగు దివ్యమృగాలు, ఇవన్నీ మాయమయ్యాయి. హటేనో పరిశోధనశాల మీద ఉన్న ఒక గార్డియన్ లాంటి ఒకటి రెండు శకలాలు తప్ప మరేమీ మిగలలేదు. కొండంత యంత్రాలు కళ్ళముందు నుంచి పోతే ఆ దేశంలో ఒక్కరు కూడా దాని గురించి మాట్లాడుకోరు. విడుదల తరువాత ఒక ముఖాముఖిలో, మొదటి గేమ్‌లో దేశాన్ని నాశనం చేసిన విపత్తు తొలగిపోయాక తమ పని అయిపోయింది కనుక అవి మాయమయ్యాయని అక్కడి జనం నమ్ముతారన్న వివరణ దర్శకుడి నుంచి వచ్చింది. వివరణ బాగానే ఉంది. ఆ ఒక్క వాక్యం ఏ గుర్రపుశాల ముందో ఒక ముసలాయన నోట పలికించి ఉంటే ఈ పేరా రాయవలసిన అవసరమే ఉండేది కాదు.

నీళ్ళలో బతికే జోరా జాతి రాజ్యంలో ఇది మరీ కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అక్కడి నడిబొడ్డున ఒకప్పుడు వీరవనిత మిఫా విగ్రహం ఉండేది. దాన్ని కొండ మీద ఆమె పేరిట వెలసిన ప్రాంగణానికి తరలించి, దాని స్థానంలో ఆమె తమ్ముడు సిడాన్ వీపు మీద సవారీ చేస్తున్న లింక్ విగ్రహం పెట్టారు. వారిద్దరూ కలిసి రూటా అనే దివ్యమృగాన్ని ఎదిరించిన ఘట్టం అది. విగ్రహం మార్చినందుకు నొచ్చుకున్నవాళ్ళకు కొండ మీద ఆమెకు గౌరవమైన చోటు చూపించారు, ఎంత మర్యాదగా చేసిన మార్పు అది! కానీ ఆ రూటా ఏమైందని ఆ విగ్రహం చుట్టూ తిరిగే జోరాలలో ఎవరూ అడగరు. రాయికి గుర్తున్నది మనుషులకు గుర్తులేదు. పాత గేమ్‌లో మనతో ఎంతో పని చేయించుకున్న కొందరు, ఇదే బోల్సన్‌తో సహా, లింక్‌ను కొత్త మనిషిలా పలకరించినప్పుడు కూడా మనసుకు ఇదే గుచ్చుకుంటుంది. కొత్తగా వచ్చే ఆటగాళ్ళకు ఇబ్బంది కలగకూడదని అలా చేశారని ఊహించగలను. పాత గేమ్ ఆడినవాళ్ళ కోసం ఒక్కొక్కరికి ఒక్కో మాట చాలేది.

చరిత్రను తిరగరాయడం గురించి కూడా చెప్పాలి. జోనై జాతికి చెందిన రౌరు, అతని రాణి సోనియా హైరూల్‌కు తొలి రాజదంపతులని ఈ గేమ్ చెబుతుంది. ఈ కథామాలలోని పాత గేమ్‌ల కాలక్రమంలో ఇది ఎక్కడ ఇముడుతుందని అభిమానులు తలలు పట్టుకున్నారు. ఆ లెక్క తేలకపోయినా నాకు పేచీ లేదు, ఎందుకంటే కోట కింద వేల ఏళ్ళుగా బంధించి ఉన్న దుష్టరాజు గానన్‌డార్ఫ్‌ను చూసిన తరువాత మొదటి గేమ్‌లోని విపత్తుకు ఒక మూలం దొరికినట్టవుతుంది, పాతది చెరిగిపోకుండానే లోతు పెరుగుతుంది. పేచీ అల్లా ఆ చరిత్రను చెప్పిన పద్ధతితోనే. నాలుగు దేవాలయాల చివర నలుగురు పూర్వఋషులు ఒకే యుద్ధకథను దాదాపు అవే దృశ్యాలతో నాలుగుసార్లు చెబుతారు. ప్రతిసారీ లింక్ మొదటిసారి విన్నట్టే నిలబడతాడు.

కథ ముగింపు తెలుసుకోవడం ఇష్టం లేనివారు ఈ పేరా వదిలి తరువాతి దానికి వెళ్ళవచ్చు. జెల్డా గతంలోకి జారిపోయి, విరిగిన ఖడ్గాన్ని బాగుచేయడానికి మణిని మింగి వెలుగు డ్రాగన్‌గా మారుతుంది. అలా మారినవాళ్ళు తమను తాము మరిచిపోతారని, ఇక తిరిగి రాలేరని కథ ముందే గట్టిగా చెప్పింది. ఆ సంగతి తెలిసిన తరువాత ఆకాశంలో మెల్లగా ఈదుకుంటూ పోయే ఆ డ్రాగన్‌ను తల ఎత్తి చూసిన ప్రతిసారీ గొంతు పట్టుకునేది, అంతకు ముందు ఎన్నో గంటలు దాని కిందే తిరిగాను కదా అని. చివర రౌరు, సోనియాల శక్తితో ఆమె మళ్ళీ మనిషవుతుంది, లింక్ పోగొట్టుకున్న చెయ్యి కూడా తిరిగి వస్తుంది. ఆ క్షణంలో నాకు సంతోషం కలిగింది, అది దాచను. కానీ ఇంత పెద్ద త్యాగాన్ని కథాలోకం తన నియమంగా ప్రకటించి, తరువాత తానే వెనక్కి తీసుకున్నప్పుడు, ఆ నియమం మీద మళ్ళీ నమ్మకం పెట్టుకోవడం కష్టం. ఇంకొక మాట, డ్రాగన్ ఎవరో లింక్‌కు తెలిసిపోయిన తరువాత కూడా దేశమంతా రాకుమారి కోసం వెతుకుతూనే ఉంటుంది.

పోల్చి చూడటానికి ఒక్క ఉదాహరణ ఇస్తాను. 2000లో వచ్చిన డ్యూస్ ఎక్స్‌కు మూడు ముగింపులు ఉండేవి. 2003లో వచ్చిన దాని సీక్వెల్ ఏ ఒక్కదాన్నీ ఎంచుకోకుండా మూడూ కొంత కొంత జరిగినట్టు లోకాన్ని నిర్మించింది. ఎవరి ఆటనూ కాదనకూడదని చేసిన పని అది, కానీ ఎవరి నిర్ణయానికీ పూర్తి బరువు దక్కలేదు. టియర్స్ ఆఫ్ ద కింగ్‌డమ్ లూరెలిన్‌లో, టారీ టౌన్‌లో అంతకంటే ఎంతో ధైర్యంగా ప్రవర్తించింది, షీకా యంత్రాల దగ్గర మాత్రం ఆ మొహమాటమే చూపింది.

కొనాలా వద్దా అని అడిగేవారికి, కొనమనే చెబుతాను, సందేహం లేదు. 2025 జూన్ 5న నింటెండో గేమ్ యంత్రం స్విచ్ 2తో పాటు రెండు గేమ్‌లకూ మెరుగుపరచిన కూర్పులు వచ్చాయి కనుక, ఆ యంత్రం ఉన్నవారు వాటిలో ఆడితే దృశ్యాలు ఇంకా తేటగా, తడబాటు లేకుండా నడుస్తాయి. ముందు బ్రెత్ ఆఫ్ ద వైల్డ్ ఆడండి. తొందరపడి కథ ముగించకండి. హడ్సన్‌తో టారీ టౌన్ పూర్తిగా కట్టించండి, హటేనోలో ఇల్లు కొనండి, పనేమీ లేకపోయినా ఒకసారి లూరెలిన్ దాకా నడిచి వెళ్ళి ఆ ఒడ్డున ఎండ వాలేదాకా ఉండండి.