1984 నాటి తెనాలి ఇల్లు: వైరింగుకి ఫుల్ మార్కులు, టైల్స్ పనికి పాస్ మార్కులే

ఈ వేసవిలో తెనాలిలో అమ్మావాళ్ళుంటున్న ఇంటికి రిపేర్లు చేయించాం. వైరింగ్ మొత్తం మార్చడం, ఫ్లోరింగ్, ఒక బాత్రూమ్, అన్నీ కలిపి ఒకే కాంట్రాక్టర్‌కి ఇచ్చాం. పేరు రాయడం లేదు. ఆయన దగ్గర పనిచేసే ఎలక్ట్రీషియన్ని నెత్తిన పెట్టుకోవచ్చు, టైల్స్ బ్యాచ్‌ని మాత్రం మళ్ళీ గుమ్మం ఎక్కనివ్వను. పేరు రాస్తే జనానికి ఈ రెండో ముక్కే గుర్తుంటుంది.

ఇల్లు 1984లో నాన్న కట్టించింది. వైరింగ్ కూడా అప్పటిదే. గోడల మీద చెక్క పట్టీలు, వాటి మీద క్లిప్పులు కొట్టి లాగిన వైర్లు, నల్లటి గుండ్రటి స్విచ్చులు, మీటర్ పక్కన పింగాణీ ఫ్యూజులు. అప్పట్లో ఇంట్లో ఉన్నవల్లా నాలుగు ఫ్యాన్లు, ట్యూబ్‌లైట్లు, ఒక రేడియో. ఇప్పుడు అవే వైర్ల మీద రెండు ఏసీలు, గీజర్, వాషింగ్ మెషిన్, ఇన్వర్టర్. ఫ్యూజు ఊరికే కొట్టేస్తోందని నాన్న తీగ రెండు పోగులు చేసి చుట్టేవారు, అప్పటికీ కొట్టేస్తే మూడు. అంటే ఫ్యూజు కాలకుండా గోడ మీది వైరే కాలేలా మనమే ఏర్పాటు చేసుకున్నామన్నమాట! ఫ్రిజ్ ముట్టుకుంటే జివ్వుమనేది. దానికి అమ్మ కనిపెట్టిన మందు, ఫ్రిజ్ ముందు ఎప్పుడూ ఒక జత హవాయి చెప్పులు. వచ్చిన చుట్టాలకి కూడా "చెప్పులేసుకుని తియ్యమ్మా" అని చెప్పేది, అదేదో ఇంటి ఆచారం అన్నట్టు.

ఎలక్ట్రీషియన్ యాభై దాటిన మనిషి. మొదటి రోజంతా ఒక్క వైరు కూడా లాగలేదు, ఉన్న బోర్డులన్నీ విప్పి చూస్తూ కూర్చున్నారు. రోజు కూలీ దండగ అని నేను లోపల సణుక్కుంటుంటే హాల్లోకి పిలిచి, "ఇటు చూడమ్మా" అని బోర్డు వెనక టార్చ్ వేశారు. అల్యూమినియం వైరు, దానికి గుడ్డ టేపు చుట్టిన అతుకు, ఆ అతుకు చుట్టూ చెక్క బొగ్గులా నల్లబడిపోయి ఉంది. వేలితో ఇలా తాకగానే వైరు మీది తొడుగు అప్పడంలా పెళుసుగా విరిగి రాలింది. అల్యూమినియం వేడికి సాగి, చల్లారితే ముడుచుకుంటుందట, అలా ఏళ్ళ తరబడి జరిగి స్క్రూ దగ్గర లూజవుతుంది, లూజైన చోట ఇంకా వేడెక్కుతుంది. త్రీ పిన్ సాకెట్ విప్పితే పైనున్న పెద్ద కన్నానికి, అంటే లీకైన కరెంటుని భూమిలోకి పంపే ఎర్త్ కన్నానికి, వెనక అసలు వైరే లేదు. "ఇది అందానికి పెట్టారమ్మా" అన్నారు నవ్వకుండా. అమ్మ చెప్పుల కథ చెప్తే అప్పుడు నవ్వారు.

కాంట్రాక్టర్ ఇచ్చిన కొటేషన్‌లో పాయింట్‌కి ఇంత అని రేటు, పక్కన "మంచి కంపెనీ వైరు" అని మాత్రమే రాసి ఉంది. ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. ఏ సైజు వైరు ఎక్కడికో రాయించుకోండి. మాకు లైట్లు ఫ్యాన్లకి 1.5, పవర్ ప్లగ్గులకి 2.5, ఏసీలకి గీజర్‌కి 4 స్క్వేర్ ఎంఎం, అన్నీ రాగి, మంట త్వరగా పాకని ఎఫ్ఆర్ రకం. వైరు కాయిల్స్ మేమే కొన్నాం, 90 మీటర్లవి, సీలు మా ఎదురుగానే తెంపించాం. ఏసీకి దేనికదే విడి ఎంసీబీ (లోడెక్కువైతే దానంతటదే ఆగిపోయే స్విచ్చు, పాత ఫ్యూజు బదులు). గోడల్లో గాడి కొట్టి పైపులు వేశారు (ఆ దుమ్ము గురించి ఎంత చెప్పినా తక్కువే, పప్పు డబ్బాల్లోకి కూడా వెళ్ళింది). ఫ్యాన్లకి కూడా పైపులు శ్లాబ్ లోపలి నుంచే పోవాలని నేను పట్టుబడితే మాత్రం ఆయన ససేమిరా అన్నారు. నలభై ఏళ్ళ శ్లాబ్‌ని గాడి కొడితే లోపలి ఊచ బయటపడుతుంది, నేను చెయ్యను, కావాలంటే వేరేవాళ్ళని పిలుచుకోండి అన్నారు. చివరికి ఫ్యాన్ల వరకు తెల్ల పట్టీలోనే వైర్లు. మొదట్లో చూసినప్పుడల్లా కంట్లో నలుసులా అనిపించేది, ఇప్పుడు అటు చూపే పోవడం లేదు.

ఎర్తింగ్ కోసం పెరట్లో మనిషి లోతు దాటి గొయ్యి తవ్వించి, జీఐ పైపు (జింకు పూత వేసిన ఇనుప పైపు) దించి, చుట్టూ బొగ్గు ఉప్పు పొరలు పొరలుగా వేశారు. ఉప్పు మూట దిగుతుంటే అమ్మ "ఎంతమందికి ఆవకాయ పెడతావయ్యా" అంది. ఎండాకాలం అప్పుడప్పుడు గోతిలో నీళ్ళు పోస్తుండాలని చెప్పారు, తులసికోట పక్కనే కాబట్టి అమ్మ ఆ చెంబుతోనే దీనికీ పోస్తోంది.

ఇక ఈయనకి ఫుల్ మార్కులు ఎందుకంటే, ఆర్‌సీసీబీ గొడవ. 30 మిల్లీఆంప్స్ కరెంటు లీకైతే చాలు మొత్తం ఆపేసే పెట్టె అది, షాక్ కొట్టినప్పుడు ప్రాణం కాపాడేది అదే. పెట్టిన సాయంత్రం నుంచే టప్ టప్‌మని పడిపోవడం మొదలైంది. చాలా ఇళ్ళలో ఇక్కడే దాన్ని బైపాస్ చేసి చేతులు దులుపుకుంటారు, కాంట్రాక్టర్ కూడా ఫోన్‌లో అదే సలహా ఇచ్చాడు. ఈయన వినలేదు. మర్నాడు పొద్దున్నే వచ్చి ఒక్కో సర్క్యూట్ తీసి వేసి, తీసి వేసి, మధ్యాహ్నం భోజనం టైముకి పట్టుకున్నారు. మేడ మీది పోర్షన్‌కి పాత మీటర్ వేరే ఉంది. మెట్ల దగ్గర లైటుకి ఎవరో ఎప్పుడో ఫేజ్ (కరెంటు వచ్చే వైరు) కింది నుంచి, న్యూట్రల్ (అది తిరిగి వెళ్ళే వైరు) మేడ మీది నుంచి తీశారు. వెళ్ళిన కరెంటు అదే దారిన తిరిగి రాకపోతే లీకైందనుకుని పెట్టె ఆపేస్తుంది. ఆ ఒక్క వైరు మార్చాక ఇప్పటిదాకా ఊరికే పడిపోలేదు. నెల రోజుల క్రితం ఒకసారి పడింది, అది గీజర్ కాయిల్ పాడైతే.

ఇప్పుడు ఫ్లోరింగ్. హాల్లో మొజాయిక్, బెడ్‌రూముల్లో ఎర్ర గచ్చు. గచ్చు పగిలిపోయింది కాబట్టి మార్చక తప్పదు. కాంట్రాక్టర్ మాత్రం "మొత్తం పాత నేల మీదే టైల్స్ వేసేద్దాం మేడం, తవ్వే పనుండదు" అని మొదలెట్టాడు. తవ్వకుండా సిమెంట్ మాలు వేసి పైన టైల్ పెడితే నేల దాదాపు రెండంగుళాలు లేస్తుంది. తలుపులన్నీ కింద కోయాలి, అవి టేకు తలుపులు. అన్నిటికంటే గడప మునిగిపోతుంది. అమ్మ గడపని జానతో కొలిచి చూసి, "ఇంతే మిగిలితే పసుపెక్కడ రాయనే?" అంది. దాంతో హాలు బతికిపోయింది. మొజాయిక్ పాలిష్ చేసే ముసలాయన వేరే దొరికారు, మెషిన్‌తో గరుకు రాయి నుంచి నున్నటి రాయి దాకా నాలుగు సార్లు తిప్పి, చివర్లో పౌడర్ వేసి రుద్దారు. బురదంతా కడిగాక ఆకుపచ్చ, నలుపు రాతి ముక్కలు బయటికొచ్చాయి. నలభై ఏళ్ళుగా మా హాలు బూడిద రంగు అనుకుంటున్నా నేను! ఖర్చు కూడా టైల్స్‌లో సగం కాలేదు.

బెడ్‌రూములకి టైల్స్ కొన్న షాపు బాగుంది, అక్కడ ఫిర్యాదు లేదు. అద్దంలా మెరిసేవి చూపిస్తే నేను వాటినే తీసుకోబోయాను, షాపబ్బాయే ఇంట్లో పెద్దవాళ్ళున్నారా అని అడిగి, చెంబు నీళ్ళు తెప్పించి రెండు రకాల మీదా పోసి కాలు పెట్టి చూడమన్నాడు. మ్యాట్ తీసుకున్నాం, రెండడుగుల పలకలు. పెట్టెల మీద బ్యాచ్ నంబర్, షేడ్ ఒకటేనా అని చూసుకోవాలని చెప్పింది కూడా అతనే. పది శాతం ఎక్కువ కొనమన్నాడు, విప్పని పెట్టెలు వెనక్కి తీసుకున్నాడు కూడా.

వేసినవాళ్ళతోనే వచ్చింది తంటా. మాలు సరిగా పరచకుండా నాలుగు మూలలా నాలుగు ముద్దలు పెట్టి టైల్ అదిమేసి పోతున్నారు. మేం ఊళ్ళో లేని రెండు రోజుల్లో ఒక గది అయిపోయింది. తిరిగొచ్చాక రూపాయి బిళ్ళతో ఒక్కో టైల్ మీద కొట్టుకుంటూ పోయాను. గట్టిగా కూర్చున్నది టిక్కు టిక్కుమంటుంది, కింద డొల్లగా ఉన్నది కుండ మీద కొట్టినట్టు మోగుతుంది. పదకొండు మోగాయి. మంచం కోడు పడేచోట రెండు. సున్నం ముక్కతో గుర్తు పెట్టి కాంట్రాక్టర్‌కి చూపిస్తే "అది మామూలే మేడం" అన్నాడు. చివరి వాయిదా ఆపేస్తానన్నాక మామూలు కాకుండా పోయింది, పదకొండూ పీకి మళ్ళీ వేశారు. అందుకే పాస్ మార్కులు. లేకపోతే సున్నా.

బాత్రూమ్ వాటం మాత్రం ఇప్పటికీ తేలలేదు. జాలీ ఒక మూల, నీళ్ళు చేరేది ఇంకో మూల. టైల్స్ వేసిన రోజే బకెట్ నీళ్ళు పోసి చూసుంటే పచ్చిగా ఉన్నప్పుడే సరిచేసేవాళ్ళు, ఆ బుద్ధి నాకు లేకపోయింది. చివరి పదివేలు ఇంకా నా దగ్గరే ఉన్నాయి. వానలు తగ్గాక మనిషిని పంపుతానన్నాడు, వానలు తగ్గాయి, పోయిన వారం ఫోన్ చేస్తే కార్తీకమాసం అయ్యాక అన్నాడు. అమ్మ వైపర్ పట్టుకుని తోస్తోంది.