ఎలెక్-ట్రాక్ ఈ15: బ్లేడుకో మోటారు

గడ్డి కోసే ఈ బ్యాటరీ ట్రాక్టర్‌లో నా ఇష్టమంతా దాని డెక్ (బ్లేడులుండే కింది భాగం) మీదే. మూడు బ్లేడులు, మూడు మోటార్లు. మధ్యలో బెల్టు లేదు, కప్పీలు లేవు. ఎంత గొప్ప ఏర్పాటో ఏదైనా చెడిన రోజున అర్థమవుతుంది.

జనరల్ ఎలక్ట్రిక్ 1969లో అమెరికాలోని స్కెనెక్టడీలో మొదలుపెట్టిన ఈ ట్రాక్టర్ల చరిత్ర వదిలేస్తున్నాను; ఈ15కి ఆరు గోల్ఫ్ కార్టు బ్యాటరీలు, కలిపి 36 వోల్టులు. అరెకరం లాన్ మీద దీనికిది ఏడో వేసవి.

నిరుడు ఒక జబ్బు పట్టుకుంది. ఇరవై నిమిషాలు కోసేసరికి బ్లేడుల కూత దిగిపోయేది, బండి నడకా మందగించేది. పది నిమిషాలు ఆపితే మళ్లీ మామూలే. ఎవరైనా బ్యాటరీలు పోయాయనే అంటారు. ఆరూ మార్చాలంటే వెయ్యి డాలర్ల పైమాట. కొనేముందు డెక్ చెప్పేది వినాలి. ఒక్క బ్లేడే నీరసిస్తే ఆ మోటారులోని కార్బన్ బ్రష్‌లు అరిగాయేమో, అక్కడ తడిగడ్డి పేరుకుందేమో చూడాలి. మూడూ, వాటితోపాటు డ్రైవ్ మోటారూ ఒకేసారి దిగితే తప్పు ఉమ్మడి దారిలో ఉంది: బ్యాటరీలు, వాటి మధ్య కేబుళ్లు, కాంటాక్టర్ (పెద్ద కరెంటును కలిపే స్విచ్చు). ఒకే ఇంజను, ఒకే బెల్టు ఉన్న బండిలో ఈ తేడా ఇంత సులువుగా తెలియదు.

ఫుల్ చార్జి చేసి, యాసిడ్ సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ పెడితే పద్దెనిమిది సెల్సూ 1.265కి పైనే ఉన్నాయి. అంటే బ్యాటరీలు కావు. ఇక మిగిలింది కీళ్లే, అంటే కేబుళ్లు కలిసే చోట్లు. మల్టీమీటర్ వైర్లకు క్లిప్పులు తగిలించి, మీటరు డ్యాష్ మీద పెట్టుకుని, కోస్తూనే ఒక్కో కీలు దగ్గర ఎంత వోల్టేజి పడిపోతోందో చూశాను. ఒక క్లిప్పు బ్యాటరీ పోస్టుకి పెట్టాలి. రెండోది లగ్గుకి, అంటే కేబుల్ చివరి లోహపు కొసకి, పెడితే లాభం లేదు; లగ్గుకీ తీగకీ మధ్య పడిపోయేది కనబడదు. లగ్గు దాటాక ఇన్సులేషన్‌లోకి సూది గుచ్చి రాగితీగకే అందించాలి. మంచి కీలు దగ్గర 0.03 వోల్టులు. ఒక్కచోట 1.4. డెబ్బై ఆంపియర్ల దగ్గర అది దాదాపు వంద వాట్ల వేడి, అంతా ఒక్క లగ్గులోనే. సీసపు పోస్టు మెత్తబడడానికి అది చాలు.

ఆ కేబుల్ రెడీమేడ్‌గా కొన్నది. లగ్గు వదులుగా నొక్కారు, పైన తొడిగిన గొట్టంలో జిగురు లేదు. యాసిడ్ ఆవిరి లోపలికి పాకి, తీగపోగులన్నీ పచ్చటి చిలుము పట్టాయి. వేడెక్కేకొద్దీ నిరోధం పెరుగుతుంది కాబట్టే జబ్బు ఇరవై నిమిషాల తర్వాత బయటపడింది.

2 గేజ్ వెల్డింగ్ కేబుల్, తగరం పూత ఉన్న రాగి లగ్గులు, ఆరు పలకల అచ్చుతో నొక్కడం, పైన జిగురున్న గొట్టం: ఇదీ వైద్యం. పోస్టుల్ని వంటసోడా నీళ్లతో కడిగి, ఆరాక వైరు బ్రష్‌తో మెరిసేదాకా రుద్దాలి. పెట్రోలియం జెల్లీ నట్టు బిగించాకే పూయాలి, ముందు కాదు. పానా పిడికి టేపు చుట్టండి, చేతి ఉంగరం తీసేయండి; పానా రెండు పోస్టుల్నీ తాకితే వెల్డింగే అవుతుంది. రెండు కోతలయ్యాక నట్లు మరోసారి చూసుకోవాలి, సీసం కాస్త అణుగుతుంది.

దీనికి మెయింటెనెన్స్ లేదని మొదట్లో నేనే అందరికీ చెప్పేవాణ్ణి. ఆయిలు, ప్లగ్గు లేవన్నది నిజమే. నెలకోసారి డిస్టిల్డ్ వాటర్ పోయకపోతే మాత్రం ప్లేట్లు బయటపడి ఎండిపోతాయి. చప్పుడు లేదన్న మాటా సవరించుకోవాలి. పక్కవాళ్లతో మాట్లాడుకోవచ్చు, కానీ మూడు బ్లేడుల హోరు ఉండనే ఉంటుంది. బ్యాటరీల బరువే సుమారు 168 కిలోలు. పొడినేలలో అది మంచి పట్టు. వాన పడ్డ మర్నాడు లాన్‌లో చక్రాల గాడులు పడతాయి.

నా లాన్ చదును, గరాజులోనే ప్లగ్గుంది, మీటరు పట్టుకోవడం వచ్చు. అందుకని నాకు సరిపోయింది. ఏటవాలు పెరడున్నవాళ్లకి ఈ బరువుతో కొనమని చెప్పలేను. ఎకరం ఉన్నవాళ్లు ముందు లెక్క వేసుకోవాలి: కొత్త బ్యాటరీలు 75 ఆంపియర్ల దగ్గర రెండు గంటలకు కాస్త తక్కువ వస్తాయి, సగానికి మించి వాడితే ఆయుష్షు తగ్గుతుంది. అంటే ఒక విడతకి ఇంచుమించు యాభై నిమిషాలు. నా అరెకరానికి నలభై పడుతుంది.