మూడు వారాల్లో జపాన్ నాటకం: నో మేలా, క్యోగెన్ మేలా?

జపాన్‌లో ఉండేది మూడు వారాలే అయితే కబుకి అనే సంప్రదాయ నాటకం, బున్రకు అనే బొమ్మలాట నేర్చుకుందామన్న ఆశ ముందే వదులుకోవాలి. ఆ రెండూ చూడాల్సినవి. కబుకి వేదిక మీద 1629లో ఆడవాళ్లను నిషేధించారు. అప్పటి నుంచి అది మగ నటులది, అందులోనూ ఎక్కువగా నట వంశాలది. ఆ వంశాలకు బయటివాళ్లకోసం జాతీయ నాటకశాల 1970లో మొదలుపెట్టిన శిక్షణే ఏళ్ల తరబడి సాగుతుంది. బున్రకులో ఒక్క బొమ్మను ముగ్గురు ఆడిస్తారు. తల, కుడిచెయ్యి పట్టే స్థానానికి రావాలంటే కాళ్ల దగ్గర పదేళ్లు, ఎడమచేతి దగ్గర పదేళ్లు గడవాలని అక్కడివాళ్లు అంటారు.

ఇక నేర్చుకోవడానికి మిగిలేవి ముసుగులతో ఆడే గంభీరమైన నాటకం నో, హాస్య నాటకం క్యోగెన్, నిహోన్ బుయో అనే నృత్యం. విదేశీయులు కూడా చేరగలిగే మూడు వారాల వేసవి శిక్షణ క్యోటోలో 1984లో మొదలై, తర్వాత క్యోటో ఆర్ట్ సెంటర్‌కు చేరింది. మూడింటిలో ఒకటి ఎంచుకుంటారు, చివర్లో నో వేదిక మీద ప్రదర్శిస్తారు. మీరు వెళ్లే ఏడాది అది ఉందో లేదో, దరఖాస్తు గడువు ఎప్పుడో టికెట్టు కొనకముందే చూసుకోవాలి. అది కుదరకపోతే గురువు దగ్గర విడిగా పాఠాలు చెప్పించుకోవచ్చు. అప్పుడు కూడా ఎంపిక ఈ మూడింటి మధ్యే.

నో ఎంచుకున్నంత మాత్రాన మూడు వారాల్లో నాటకం చేతికి రాదు. మీకు నేర్పేది షిమాయి. అంటే నాటకంలోని ముఖ్య ఘట్టాన్ని ముసుగు, వేషం లేకుండా హకామా అనే కుచ్చుల వస్త్రం కట్టుకుని చేసే కొద్ది నిమిషాల నృత్యం. 'ఒయిమత్సు' లాంటి మంగళకర ఘట్టంతో మొదలుపెట్టడం వాడుక. మొదటి వారంలో చాలా భాగం నిలబడటానికీ నడవడానికీ పోతుంది. నడుము దిగాలి, మోకాళ్లు కొద్దిగా వంగాలి, మోచేతులు పక్కలకు తెరుచుకోవాలి. సురియాషి నడకలో మడమ నేలను వదలదు. పాదం ముందుకు జారి, అడుగు చివర వేళ్లు మాత్రమే లేచి దిగుతాయి. నడుస్తుంటే తల పైకీ కిందికీ ఊగిందంటే మోకాళ్లు బిగిశాయని అర్థం.

కూచిపూడి నేర్చుకున్నవాళ్లు ఇక్కడ రెండు చోట్ల తడబడతారు. అరమండిలో మోకాళ్లు పక్కలకు తిరుగుతాయి, నో నడకలో పాదాలు సమాంతరంగా ముందుకే చూడాలి. రెండోది ముఖం. ముసుగు లేకుండా ఆడినా ముఖమే ముసుగులా నిశ్చలంగా ఉండాలి. కనుబొమ్మ కదిపినా గురువు ఆపేస్తారు. ఏళ్లపాటు సాధించిన అభినయాన్ని పక్కన పెట్టడం నడక నేర్చుకోవడం కంటే కష్టం. అడుగు కొట్టే ఘట్టాలు నోలో ఉన్నా, అవి వచ్చేది అరుదుగా. అందుకే ఆ ఒక్క చప్పుడుకు అంత బరువు.

క్యోగెన్ మాటల నాటకం, హాస్యం. గురువు ఒక వాక్యం చెబుతారు, మీరు అదే స్వరంతో తిరిగి చెప్పాలి. జపనీస్ రాదే అని వెనకడుగు వేసేవాళ్లు ఎక్కువ. తెలుగువాళ్లకు ఆ భయం అక్కర్లేదు. జపనీస్ మాటలు కూడా దాదాపు అన్నీ అచ్చుతోనో సున్నాతోనో ముగుస్తాయి. హ్రస్వ దీర్ఘాలకు, ద్విత్వాలకు అర్థం మారడం మన భాషలో ఉన్నట్టే అక్కడా ఉంది. కాబట్టి పాఠాన్ని తెలుగు లిపిలో రాసుకోండి. చాలా నాటకాల్లో పాత్ర 'నేను ఈ చుట్టుపక్కల ఉండేవాణ్ని' అని తనను తాను చెప్పుకుంటుంది: 'కొరె వ కొనొ అతరి ని సుమయి ఇతసు మొనొ దె గొజరు'. అన్నీ హ్రస్వాలే. 'కొరే', 'గొజారు' అని సాగదీస్తే చెవికి వెంటనే తప్పు పట్టుబడుతుంది. రోమన్ లిపిలో ఓ, యూ పక్కపక్కన కనిపిస్తే ఎక్కువ చోట్ల అది దీర్ఘమైన ఓ మాత్రమే. పదబంధంలో రెండో అక్షరం దగ్గర స్వరం లేస్తుంది, ఆ గుర్తు కూడా పెట్టుకోండి. గొంతుతో అరిస్తే మొదటి వారంలోనే బొంగురుపోతుంది, బలం పొత్తికడుపు నుంచి రావాలి.

కొత్తవాళ్లకు ఇచ్చే 'షిబిరి'లో పని తప్పించుకోవడానికి సేవకుడు కాళ్లు తిమ్మిరెక్కాయని నటిస్తాడు. రెండే పాత్రలు, చిన్న నాటకం. మూడు వారాల్లో మొదటి నుంచి చివరి దాకా పూర్తవుతుంది. నా దృష్టిలో క్యోగెన్‌కు మొగ్గు ఇక్కడే: నోలో ఒక ముక్క చేతికొస్తుంది, ఇక్కడ నాటకం మొత్తం వస్తుంది. రంగస్థల విద్యార్థులకు నేను నిస్సందేహంగా ఇదే చెబుతాను. జోడీగా వచ్చినవాళ్లు పాఠం బట్టీ పట్టకపోతే మీ శ్రమ కూడా దెబ్బతింటుందన్నది దీని లోటు. నాట్యం నేపథ్యమైతే, ఒంటరిగా సాధన చేయడం ఇష్టమైతే నో మేలు. కబుకి కదలికల మీద మనసున్నవాళ్లకు నిహోన్ బుయో సరైన దారి. విసనకర్రతో చేసే పనితనం, ఆడ పాత్రల నడక అందులో దొరుకుతాయి.

రెండు కళలు ఒకేసారి మొదలుపెట్టకండి. నడకలు దగ్గరగా ఉండి కలిసిపోతాయి, ఏదీ కుదరదు.

విసనకర్ర ముందే కొనొద్దు. నోలో కన్జె, హోషో, కొంపరు, కొంగో, కిత అనే అయిదు శాఖలున్నాయి, ఏ శాఖ విసనకర్ర దానిదే. బుయో విసనకర్ర వేరు, అది గాల్లో తిరగడానికి ఇరుసు దగ్గర సీసం బరువు ఉంటుంది. తబి అనే బొటనవేలు విడిగా ఉండే మేజోళ్లు మాత్రం కొనాల్సిందే, అవి లేకుండా నో వేదిక ఎక్కనివ్వరు. వదులైతే జారతాయి, పాదాన్ని పట్టి ఉండే కొలత తీసుకోండి. మోకాళ్ల మీద కూర్చునే సెయిజా ఇంట్లోనే రోజూ పది నిమిషాలు అలవాటు చేసుకోవాలి. తిమ్మిరెక్కిన కాళ్లతో గబుక్కున లేస్తే చీలమండ బెణుకుతుంది. ముందు మునివేళ్ల మీదికి వచ్చి, రక్తం ఆడాక లేవాలి. పాఠం రికార్డు చేసేముందు అడగండి.

ప్రదర్శనలకు తేదీలు చూసి ప్రయాణం పెట్టుకోండి. కబుకి ఒక కార్యక్రమం నెలలో సుమారు 25 రోజులు నడుస్తుంది, టోక్యో కబుకిజాలో ఒకే అంకానికి టికెట్టు దొరుకుతుంది. బున్రకు ఒసాకాలో సాధారణంగా జనవరి, ఏప్రిల్, వేసవి, నవంబరుల్లో ఆడుతుంది. నో మాత్రం ఎక్కువగా ఒక్క రోజే. ఆ రోజు పోతే ఆ నాటకం మళ్లీ ఎప్పుడో. కాగడాల వెలుగులో ఆడే తకిగి నో క్యోటో హెయాన్ మందిరంలో జూన్ 1, 2 తేదీల్లో జరుగుతుంది. ఆ తర్వాత మొదలయ్యే వేసవి శిక్షణకు వెళ్లేవాళ్లకు అది అందదు.