కారు క్లియర్ కోట్‌కు లూజు హార్డనర్ కొనకండి

తిరుపతిలో ఇంటి దగ్గరే కారుకు పెయింట్ వేసుకునేవాళ్లు ఉంటే, పాలిష్ దాకా పోకముందే ఇది చదవండి. రంగు మీద మెరుపుకు కొట్టే పారదర్శక పొర క్లియర్ కోట్. దాన్ని గట్టిపరచడానికి అందులో కలిపేది హార్డనర్. ఆ హార్డనర్ సీల్ టిన్‌లో ఉంటేనే కొనండి. బాటిల్‌లో పోసిస్తే వద్దనండి.

నాది ఏపీ 03 నంబరు పాత ఆల్టో. ఇక్కడి ఎండకు బానెట్ మీద క్లియర్ పొరలు పొరలుగా లేచిపోయింది. అంగట్లో క్లియర్ సీల్ టిన్‌లోనే ఇచ్చినారు. హార్డనర్ మాత్రం పెద్ద డబ్బాలోంచి చిన్న ప్లాస్టిక్ బాటిల్‌లోకి వంచినారు. కంపెనీ పేరు లేదు, తేదీ లేదు. అడిగితే "అందరికీ ఇట్లే ఇస్తామన్నా, రెండుకొకటి కలుపుకో" అన్నాడు. కాస్త మసగ్గా ఉందని చూసి కూడా తెచ్చుకున్నా, అదే నా తప్పు.

కొట్టిన రోజు అద్దంలా మెరిసింది. నాలుగో రోజు 1500 నంబరు వాటర్ పేపర్‌తో (తడిపి రుద్దే సన్న సాండ్ పేపర్), సబ్బునీళ్లతో రబ్బింగ్ మొదలుపెట్టినా. బాగా గట్టిపడిన క్లియర్ అయితే పాలలాంటి తెల్లనీళ్లు వస్తాయి. నాకు రబ్బరు చెరిపినప్పుడు వచ్చేలాంటి ఉండలు వచ్చి పేపర్‌కు అతుక్కున్నాయి. పచ్చిగా ఉందేమోనని ఇంకో వారం ఎండలో పెట్టినా. తర్వాత 2000, 3000 పేపర్లు, ఆపైన కాంపౌండ్ (పాలిష్ పేస్టు) వేసి పాలిష్ మెషిన్ పెట్టినా. ప్యాడ్ వేడికి క్లియర్ సాగిపోయింది, బానెట్ అంచున రంగు కింది ప్రైమర్ బయటపడింది. మొత్తం గీకేసి మళ్లీ మొదటినుంచి చెయ్యాల్సి వచ్చింది. నాలుగు ఆదివారాలు పోయినాయి.

థిన్నర్ ఆవిరైపోతే పెయింట్ చేతికి ఆరినట్టే తగులుతుంది. గట్టిపడేది మాత్రం హార్డనర్‌తో జరిగే రసాయన చర్య వల్ల. అందులోని ఐసోసయనేట్‌కు గాలిలో తేమ తగిలితే దాంతోనే కలిసిపోయి సత్తువ పోతుంది. మాటిమాటికీ మూత తీసే డబ్బాలోది అందుకే పనికిరాదు. మంచి హార్డనర్ తేటగా ఉంటుంది. తెల్లగా మసకేసినా, అడుగున గడ్డకట్టినా తీసుకోవద్దు. ఎంతకెంత కలపాలన్నది కూడా ఒక్కో క్లియర్‌కు ఒక్కోలా ఉంటుంది, కొన్నిటికి 2:1, కొన్నిటికి 4:1. అది టిన్ మీద చూసుకోవాలి, అంగడాయన నోటిమాట మీద కాదు.

ఇంకో మాట. హార్డనర్ కలిపిన క్లియర్ స్ప్రే చేసేటప్పుడు ఆ పొగ ఊపిరితిత్తులకు చెరుపు. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే చాలదు. పిల్లల్ని ఆ దరిదాపులకు రానీయకండి.

తిరిగి పోయి అడిగితే కలపడంలో నీదే తప్పన్నారు. నా దగ్గర బిల్లు లేదు. బిల్లు ఉంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసుండేవాణ్ణి. మీరు తప్పకుండా బిల్లు అడగండి.

ఈసారి క్లియర్, హార్డనర్ రెండూ ఒకే కంపెనీవి, సీల్‌తో తెచ్చినా. బానెట్‌తో పాటు ఒక రేకుముక్కకు కూడా కొట్టి పెట్టినా. దాని మీద గోరు దిగబడనప్పుడే వాటర్ పేపర్ చేతికి తీసుకుంటా.