ఫొటో సైజు తగ్గించడానికి ఇర్ఫాన్‌వ్యూ: తొమ్మిదేళ్ళ వాడకం

ఎవరికైనా ఫొటో పంపాలంటే నేను చేసే పని ఇంతే. ఇర్ఫాన్‌వ్యూ అనే ఫొటో ప్రోగ్రామ్‌లో తెరుస్తాను, కంట్రోల్-ఆర్ నొక్కుతాను, పొడుగు వైపు 1600 పిక్సెళ్ళు అని కొట్టి ఎంటర్ చేస్తాను, తర్వాత ఎస్ నొక్కి కొత్త పేరుతో సేవ్ చేస్తాను. పది సెకన్లు పడుతుంది. ఈ పది సెకన్ల పద్ధతి కుదరడానికి మాత్రం నాకు రెండేళ్ళు పట్టింది, మధ్యలో 140 ఫొటోలు కూడా పోగొట్టుకున్నాను. ఆ సంగతి తర్వాత చెప్తాను.

ఇర్ఫాన్ ష్కిల్యాన్ అనే ఆయన తన పేరే పెట్టి 1996లో వదిలిన ప్రోగ్రామ్ ఇది. విండోస్‌లోనే నడుస్తుంది. సొంత వాడకానికి ఉచితం, ఆఫీసు పనికైతే కొనుక్కోవాలి. చూడ్డానికి పాతకాలపు వాసన కొడుతుంది, మెనూలు బారెడు. కానీ ఫొటో ఇలా నొక్కితే అలా తెరుచుకుంటుంది. తొమ్మిదేళ్ళుగా దీన్ని అంటిపెట్టుకుని ఉండడానికి సగం కారణం అదే.

అసలు తగ్గించడం ఎందుకనే వాళ్ళకి ఒక లెక్క. 12 మెగాపిక్సెల్ ఫోన్ తీసే ఫొటో 4000×3000, అంటే కోటీ ఇరవై లక్షల పిక్సెళ్ళు, బొమ్మలోని రంగు చుక్కలు. చూసేవాళ్ళ మానిటర్ 1920×1080 అయితే దానిమీద పట్టేవి దాదాపు 20 లక్షలు. మిగతా కోటి పిక్సెళ్ళను ఊరికే మోయిస్తున్నామన్నమాట. పైగా మనం తగ్గించకపోతే పంపే దారిలో ఏదో ఒక యాప్ తనకు తోచినట్టు నొక్కి పారేస్తుంది. ఎలాగూ నలిగేదే అయినప్పుడు నా చేత్తోనే నలపడం నయం అనిపించింది. 1600×1200కి తెచ్చి, సేవ్ చేసేటప్పుడు అడిగే క్వాలిటీ అంకె 80 దగ్గర పెడితే నా ఫొటోలు చాలావరకు నాలుగు ఎంబీ నుంచి 400 కేబీ లోపుకి దిగుతాయి. తేడా కనిపెట్టి అడిగినవాళ్ళు ఇంతవరకూ లేరు.

మొదట్లో నేను చేసిన తప్పు వేరు. కొలతలు అలాగే ఉంచి క్వాలిటీని 30కి లాగేవాణ్ణి. ఫైలు చిన్నదయ్యేది, మొహాలు మాత్రం గళ్ళు గళ్ళుగా వచ్చేవి. ఫొటోలు మామూలుగా సేవ్ అయ్యే ఫైలు రకం జేపెగ్. అది బొమ్మను 8×8 పిక్సెళ్ళ గడులుగా కోసి ఒక్కో గడిని విడిగా కుదిస్తుంది. మరీ పిసినారితనం చేస్తే ఆ గడుల అంచులు బయటపడతాయి. ముందు పిక్సెళ్ళు తగ్గించాలి, ఆ తర్వాతే క్వాలిటీ జోలికి వెళ్ళాలి. ఈ ఒక్క ముక్క ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది.

ఇంకో సంగతి చొక్కా పుణ్యమా అని తెలిసింది. సన్న చారల చొక్కా వేసుకున్న స్నేహితుడి ఫొటో తగ్గిస్తే, చారల మీద నీళ్ళల్లో అలల్లాగా వంకర గీతలు తేలాయి. అసలు ఫొటోలో అవి లేవు. కెమెరాని తిట్టుకున్నాను, మానిటర్ని అనుమానించాను. చివరికి చూస్తే కంట్రోల్-ఆర్ నొక్కితే వచ్చే రీసైజ్ పెట్టెలోనే రెండు పద్ధతులున్నాయి: రీసైజ్, రీశాంపుల్. మొదటిది త్వరగా అయిపోతుంది, కానీ మధ్య మధ్య పిక్సెళ్ళను వదిలేస్తుంది. రెండోది చుట్టుపక్కల పిక్సెళ్ళన్నీ కలిపి లెక్క కడుతుంది. రీశాంపుల్‌కి మార్చి, ఆ లెక్క కట్టే ఫిల్టర్లలో లాంక్‌జోస్ అనేదాన్ని పెట్టాను. అలలు మాయం. అప్పట్నుంచి ఆ సెట్టింగ్ ముట్టుకోలేదు.

ఇక ఆ 140 ఫొటోల కథ. మీట బి నొక్కితే బ్యాచ్ కన్వర్షన్ వస్తుంది. ఫోల్డర్ మొత్తం ఒకేసారి తగ్గించొచ్చు, పేర్లు కూడా వరసగా మార్చొచ్చు. అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్ళి పొడుగు వైపు ఎంతో చెప్తే నిలువు ఫొటోలూ అడ్డం ఫొటోలూ సరిగ్గా వస్తాయి. చిన్నవాటిని పెద్దవి చెయ్యొద్దనే టిక్కు కూడా అక్కడే ఉంది, తప్పకుండా పెట్టండి. ఒక పుట్టినరోజు ఫొటోలకి ఇవన్నీ శ్రద్ధగా పెట్టాను. ఒక్కటి మర్చిపోయాను: అవుట్‌పుట్ ఫోల్డర్ మార్చడం. పాతవాటి మీదే రాసెయ్ అనే టిక్కు కూడా నేనే పెట్టి ఉన్నాను. రెండు నిమిషాల్లో 140 ఒరిజినళ్ళూ 800 పిక్సెళ్ళకు కుంచించుకుపోయాయి. కెమెరా మెమరీ కార్డు అప్పటికే ఖాళీ చేసేశాను. ప్రోగ్రామ్ తప్పేమీ లేదు, చెప్పింది చెప్పినట్టు చేసింది. ఇప్పుడు 'పంపేవి' అని ఒక ఫోల్డర్ విడిగా ఉంది, తగ్గించినవన్నీ అందులోకే వెళ్తాయి.

సేవ్ చేసేటప్పుడు పక్కన వచ్చే చిన్న పెట్టెను చాలామంది చూడరు. అందులో ఎక్సిఫ్ సమాచారం, అంటే ఫొటో తీసిన తేదీ, చోటు లాంటి వివరాలు, ఉంచాలా వద్దా అనే టిక్కు ఉంటుంది. ఫోన్లో లొకేషన్ ఆన్‌లో ఉంటే ఫొటో ఎక్కడ తీశారో అక్షాంశ రేఖాంశాలతో సహా ఫైల్లోనే ఉంటుంది. ఇంట్లో తీసిన ఫొటో తెలియనివాళ్ళకు పంపేటప్పుడు నేనా టిక్కు తీసేస్తాను. దాచుకునే కాపీలో మాత్రం ఉంచుతాను, తేదీ పోతే తర్వాత వెతుక్కోవడం కష్టం.

ప్లగిన్లు, అంటే ప్రోగ్రామ్‌కి తగిలించే అదనపు ముక్కలు, విడిగా దించుకోవాలి. కొత్తవాళ్ళు ఇక్కడే ఆగిపోతారు, కానీ దించుకోండి. అవి ఉంటేనే షిఫ్ట్-జె నొక్కి జేపెగ్‌ని నాణ్యత పోకుండా తిప్పగలం. మామూలుగా తిప్పి సేవ్ చేస్తే జేపెగ్ మళ్ళీ కుదించబడుతుంది, ప్రతిసారీ కాస్త అరుగుతుంది. 50 కేబీ లోపే ఫొటో ఉండాలని మొండికేసే దరఖాస్తు సైట్లకి, ఇన్ని కేబీల్లో సేవ్ చెయ్యమని నేరుగా చెప్పే సౌకర్యం కూడా ప్లగిన్లతోనే వస్తుంది. ఒకసారి అలాంటి సైటు నా 51 కేబీ ఫొటోని నాలుగుసార్లు వెనక్కి కొట్టాక దాని విలువ తెలిసొచ్చింది.

డీపీఐ (ప్రింటులో అంగుళానికి ఎన్ని చుక్కలు అనే అంకె) 72 ఉండాలా 300 ఉండాలా అని బుర్ర పాడుచేసుకోకండి. తెర మీద చూసేదానికి ఆ అంకెతో పనిలేదు, ప్రింటు తీసేటప్పుడు చూసుకోవచ్చు. స్క్రీన్‌షాట్లను మాత్రం జేపెగ్ చెయ్యకండి. అక్షరాల చుట్టూ మురికి పట్టినట్టు వస్తుంది, నాణ్యత పోగొట్టని పీఎన్‌జీ రకం ఫైలుగానే ఉంచండి.

లోటు అంటే ఒకటే చెప్తాను. దీనికి ఫోన్ వెర్షన్ లేదు. ఫోన్లో ఇదే పనికి వేరే యాప్‌లు రెండు మూడు వేసి చూశాను. ఒక్క ఫొటో తగ్గించేలోపు రెండు ప్రకటనలు చూడాలి, చివర్లో మూలన వాటి ముద్ర కూడా పడుతుంది. అందుకే ఇప్పటికీ కేబుల్ పెట్టి, ఫోన్లోని ఫొటోలు కంప్యూటర్లోకి తెచ్చుకునే తగ్గిస్తున్నాను.